మళ్లీ కోర్టు గేట్లు మూతపడేలోగా: హైకోర్టులకు, బార్ కౌన్సిళ్లకు జిల్లా కోర్టు న్యాయవాదుల బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల రిజిస్ట్రార్ జనరల్‌లకు, రెండు రాష్ట్రాల బార్ కౌన్సిళ్ల అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారాలు.

కోవిడ్ కారణంగా 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. దానికి రెండు రోజుల ముందే సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టి, మార్చి 15 నుంచి దావాలు, అప్పీళ్లు వేసే కాలపరిమితులు పొడిగిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్ 6న వీడియో విచారణలకు మార్గదర్శకాలు వచ్చాయి. ఆ రెండు ఉత్తర్వులూ లేకపోతే లక్షల మంది కక్షిదారుల హక్కులు చేజారేవి. అయితే వాటి కింద జరగాల్సిన రోజువారీ పని జిల్లాల్లో ఎవరికి తోచినట్టు వారు చేసుకోవలసి వచ్చింది. ఒక కోర్టు ఈమెయిల్‌లో కాగితాలు తీసుకుంది, ఇంకొకటి గేటు దగ్గర పెట్టెలో వేయమంది, మరొకటి అత్యవసరమని ముందు మెమో వేస్తేనే చూస్తామంది. ఏది అత్యవసరమో ఎక్కడా రాసి లేదు.

మేం కోరేది ఒకటే. కింది కోర్టుల రోజువారీ పనిని నడిపే సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో, క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో కోర్టులు మూతపడే రోజుల కోసం ఒక ప్రత్యేక అధ్యాయం ఇప్పుడే చేర్చండి. కోర్టులు మామూలుగా నడుస్తున్న ఈ రోజుల్లోనే తీరిగ్గా కూర్చుని రాయండి. మహమ్మారి వచ్చిన వారంలో రాసే సర్క్యులర్‌కు ఆలోచించే వ్యవధి ఉండదు.

న్యాయవాది పనిలో జడ్జి గారి ముందు నిలబడే సమయం చాలా కొద్ది. దావా వేయాలంటే కక్షిదారు వచ్చి చెప్పాలి, దస్తావేజులు చూడాలి, డ్రాఫ్టు రాసి టైపు చేయించాలి, ప్రతి పేజీ మీదా సంతకం పెట్టించాలి, అఫిడవిట్‌కు అటెస్టేషన్ (ప్రమాణం చేయించి ధ్రువీకరించడం) చేయించాలి, కోర్టు ఫీజు కట్టాలి, వకాల్తా (తన తరఫున వాదించమని కక్షిదారు ఇచ్చే పత్రం) మీద న్యాయవాదుల సంక్షేమ నిధి స్టాంపు అతికించాలి, ఫైలింగ్ సెక్షన్‌లో ఇవ్వాలి, లోపాలున్నాయని రిటర్న్ అయితే సరిచేసి మళ్లీ దాఖలు (రీప్రెజెంట్) చేయాలి, నంబరు పడ్డాక బ్యాటా (సమన్లు అందజేసే ఖర్చు) కట్టి సమన్లు పంపించాలి. లాక్‌డౌన్‌లో వీడియో వచ్చింది వాదనకు మాత్రమే. వాదన దాకా చేర్చే ఈ మెట్లన్నీ మనుషులు కలిస్తేనే జరిగేవి.

మొదటి మెట్టు వకాల్తా. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3, రూల్ 4 ప్రకారం కక్షిదారు లిఖితపూర్వకంగా సంతకం చేసి ఇవ్వాలి. ఊరు దాటి రాలేని మనిషి ఫోన్‌లో ఫోటో తీసి పంపుతాడు. నీడ పడుతుంది, కింది వరుస తెగిపోతుంది, సంతకం సగమే కనిపిస్తుంది. ఆఫీసు తీసుకోదు. కాగితాన్ని కిటికీ దగ్గర నేల మీద పరిచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని, స్కానింగ్ యాప్‌తో నాలుగు మూలలూ పడేలా తీయమని అడ్వకేట్ గుమాస్తా ఫోన్‌లో చెబితే చాలావరకు సరిపోతుంది. మిగిలింది నియమం చేయాలి: స్కాన్ ప్రతిని తీసుకుని, కోర్టులు తెరిచిన 15 రోజుల్లో అసలు దాఖలు చేస్తానని న్యాయవాది నుంచి హామీ పత్రం తీసుకోవాలి. సంక్షేమ నిధి స్టాంపు సొమ్ము ఆన్‌లైన్‌లో కట్టించుకుని, రసీదు నంబరును వకాల్తా మీదే రాయనివ్వాలి. వేలిముద్ర వేసేవారికి ఇది చాలదు. ఆ ముద్ర ఎవరిదో గుర్తుపట్టి చెప్పే మనిషి పక్కన ఉండాలి కాబట్టి, గ్రామంలో లీగల్ సర్వీసెస్ సంస్థ పెట్టిన పారాలీగల్ వాలంటీర్‌కు ఆ పని అప్పగించే వీలు కల్పించాలి.

అఫిడవిట్ దగ్గర చిక్కు ఇంకా లోతైనది. అది ప్రమాణం. రాత సాధారణంగా ఇంగ్లిషులో ఉంటుంది, సంతకం చేసే మనిషికి తెలిసింది తెలుగు. చదివి తెలుగులో వివరించామని కింద రాసే వాక్యం నిజం కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని నిజంగానే వివరించాలి. నోటరీ దగ్గరకు వెళ్లే దారి లేనప్పుడు వీడియో కాల్‌లో ఆ పని చేయవచ్చు: అఫిడవిట్ ఇచ్చే వ్యక్తి గుర్తింపు కార్డు కెమెరాకు చూపాలి, అటెస్టేషన్ చేసేవారు పేరా పేరా తెలుగులో చెప్పాలి, అవతలి మనిషి అవునన్నాక కెమెరా ముందే సంతకం చేయాలి. తేదీ, సమయం, కాల్ చేసిన నంబరు అటెస్టేషన్ వాక్యంలోనే రాయాలి. ఇలా చేసినది చెల్లుతుందని నియమంలో స్పష్టంగా లేకపోతే రెండేళ్ల తర్వాత ఎదుటి పక్షం ఆ ఒక్క అంశం మీదే పిటిషన్ కొట్టేయమంటుంది.

కోర్టు ఫీజు ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు డబ్బు ఖాతాలోంచి పోయి, రసీదు రాకపోవడం మామూలే. ఆ రోజు గడువుకు చివరి రోజైతే పరిస్థితి ఊహించండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 149 కింద తక్కువ పడిన ఫీజును తర్వాత కట్టించుకునే అధికారం కోర్టుకు ఎలాగూ ఉంది. బ్యాంకు లావాదేవీ నంబరు చూపితే దాఖలు తేదీ నిలుస్తుందని ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఫైలింగ్ పోర్టల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. వంద పేజీల కట్టను ఫోన్‌తో రంగుల్లో ఫోటోలు తీసి పీడీఎఫ్ చేస్తే వందల ఎంబీల ఫైలు అవుతుంది, పోర్టల్ తీసుకోదు. అదే కట్టను 300 డీపీఐలో, నలుపు తెలుపులో, ఏ4 సైజులో స్కాన్ చేస్తే చాలా చిన్నదవుతుంది, అక్షరమూ చెదరదు. పాత రిజిస్టర్డ్ దస్తావేజుల మీద ఎర్ర సిరా ముద్రలు, ఎండార్స్‌మెంట్లు ఉంటాయి కాబట్టి ఆ పేజీలు మాత్రం రంగులోనే ఉండాలి. పేజీ నంబర్లు స్కాన్ చేయకముందే కాగితం మీద వేయాలి. తర్వాత వేస్తే కంప్యూటర్ చూపే పేజీ ఒకటి, ఇండెక్స్‌లో రాసింది మరొకటి అయి, వాదనలో జడ్జి గారు ఒక చోట, న్యాయవాది ఒక చోట ఉంటారు. చేతిరాత తెలుగు దస్తావేజులను కంప్యూటర్ సరిగా చదవలేదు కాబట్టి పక్కనే టైపు ప్రతి పెట్టమని నియమం ఉండాలి. పీడీఎఫ్‌లో ప్రతి దస్తావేజుకూ బుక్‌మార్క్ అడగండి, కానీ బుక్‌మార్క్ లేదని దావాను రిటర్న్ చేయకండి.

రిటర్న్‌ల విషయంలో గట్టిగానే అడుగుతున్నాం. ఒకసారి ఒక అభ్యంతరం, అది సరిచేసి ఇచ్చాక ఇంకొకటి, ఇలా మూడు నాలుగు సార్లు తిప్పడం కోర్టు తెరిచి ఉన్నప్పుడే కష్టం. లాక్‌డౌన్‌లో ఒక్కో తిప్పుడుకు రెండు వారాలు పోతాయి. అభ్యంతరాలన్నీ ఒకేసారి, ఈమెయిల్‌లో, మూడు పనిదినాల్లో ఇవ్వాలి. సరిచేసే గడువు ఆ ఈమెయిల్ అందిన మర్నాటి నుంచి లెక్కించాలి.

ఇక కాలపరిమితి. న్యాయవాదులను రాత్రుళ్లు నిద్రపోనివ్వనిది ఇదే. 2020 మార్చి 23 ఉత్తర్వు అన్ని కాలపరిమితులనూ పొడిగించినట్టు చాలామంది అనుకున్నారు. మధ్యవర్తిత్వ చట్టానికి, చెక్ బౌన్స్ కేసుల సెక్షన్ 138కి వర్తిస్తుందని మే 6న విడిగా చెప్పాల్సి వచ్చింది. పోలీసులు చార్జిషీటు వేసే గడువుకు అది వర్తించదని, ఆ గడువు దాటితే పుట్టే డిఫాల్ట్ బెయిల్ హక్కు అలాగే ఉంటుందని జూన్ 19న తేలింది. అసలు గడువు వేరు, ఆలస్యాన్ని మన్నించే అదనపు గడువు వేరు అని, పొడిగింపు మొదటిదానికే అని సెప్టెంబరు 18న ఒక తీర్పు వచ్చింది. 2021 మార్చి 8 ఉత్తర్వుతో పొడిగింపు ముగిసింది, రెండో అల రాగానే ఏప్రిల్ 27న తిరిగి వచ్చింది. చివరకు 2022 జనవరి 10 ఉత్తర్వు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు మొత్తాన్ని లెక్కలోంచి తీసేసి, ఆలస్యాన్ని మన్నించే గడువును కూడా అందులో చేర్చింది. ఆ మధ్యలో గడువు ముగిసిన వాటికి మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చింది, అంతకంటే ఎక్కువ మిగిలి ఉంటే ఆ ఎక్కువే వర్తిస్తుందంది.

ఆ 90 రోజుల లెక్కే చూడండి. మార్చి 1ని కలుపుకుంటే మే 29తో ముగుస్తాయి. ఆ రోజు ఆదివారం, పైగా సివిల్ కోర్టులకు వేసవి సెలవుల కాలం. మార్చి 1ని కలపాలా వద్దా, గడువు కోర్టు మూసి ఉన్న రోజున ముగిస్తే తెరిచిన రోజు వేయనిచ్చే లిమిటేషన్ చట్టం సెక్షన్ 4 సాయం దొరుకుతుందా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సి వచ్చింది. ఏ న్యాయవాదీ తన కక్షిదారు దావాను ఇలాంటి లెక్క మీద పణంగా పెట్టకూడదు.

అందుకే ఇది అడుగుతున్నాం: సుప్రీంకోర్టు నుంచి అలాంటి ఉత్తర్వు వచ్చిన రెండు రోజుల్లో హైకోర్టు ఒక పట్టిక ప్రకటించాలి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ. ఏ గడువు ఆగుతుంది, ఏది ఆగదు అన్నది అందులో ఉండాలి. అప్పీలు, రివిజన్, రిటన్ స్టేట్‌మెంట్‌కు (ప్రతివాది రాతపూర్వక జవాబుకు) మామూలు దావాలో 30 నుంచి 90 రోజులు, కమర్షియల్ దావాలో 120 రోజులు, 90 రోజులకు ముగిసే కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే వేసేది), డిఫాల్ట్‌లో (గైర్హాజరు వల్ల) కొట్టేసిన దావా పునరుద్ధరణకు ఉండే 30 రోజులు, మధ్యంతర ఉత్తర్వుల గడువు, ఇవన్నీ పేరుపేరునా రావాలి. కేవియట్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. అది మధ్యలో ముగిసిపోయి ఎదుటి పక్షం స్టే తెచ్చుకున్నాక తెలుస్తుంది.

డిఫాల్ట్ బెయిల్‌కు ప్రత్యేక ఏర్పాటు కావాలి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే నిందితుడికి ఆ హక్కు పుడుతుంది. ఇప్పుడది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 187(3). చార్జిషీటు రాకముందే దరఖాస్తు పెడితే ఆ హక్కు నిలుస్తుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే దరఖాస్తు ఏ గంటకు అందిందన్నదే కీలకం. న్యాయవాది ఉదయం ఈమెయిల్ పంపి, ఆఫీసు దాన్ని మర్నాడు తెరిచి, ఈలోగా చార్జిషీటు వస్తే ఎవరిది ముందు? ఈమెయిల్ సర్వర్‌లో నమోదైన సమయమే దాఖలు సమయమని రాయండి. ఈ దరఖాస్తులకు ప్రతి సెషన్స్ డివిజన్‌లో విడి చిరునామా ఉండాలి, అది సెలవు రోజుల్లో కూడా పనిచేయాలి.

వీడియో విచారణలో అవస్థలు అందరికీ తెలిసినవే, కాబట్టి కొన్నే చెబుతాం. లిస్టులో 40వ కేసు ఉన్న న్యాయవాది మొదటి కేసు నుంచి లైన్‌లో ఉండాలంటే డేటా గంటకు దాదాపు ఒక జీబీ దాకా పోతుంది. రోజుకు రెండు జీబీల ప్యాక్ ఉన్న జూనియర్‌కు తన కేసు పిలిచే వేళకు నెట్ ఉండదు. పది కేసులకో గంట చొప్పున సమయం విభజించి, లింకు పక్కన ఇప్పుడు నడుస్తున్న కేసు నంబరు చూపే బోర్డు పెడితే ఇది తీరుతుంది. కాజ్ లిస్టు (ఆ రోజు విచారించే కేసుల జాబితా) ముందు రోజు సాయంత్రం ఐదులోగా రావాలి. తెర మీద పేరు కేసు నంబరుతో, ఏ పక్షమో తెలిసేలా ఉండాలి. ఒకే గదిలో రెండు ఫోన్లు లైన్‌లో ఉంటే ప్రతిధ్వని వస్తుంది, జూనియర్ ఫోన్ మైకుతో పాటు స్పీకర్ కూడా ఆపాలి. 2020 ఏప్రిల్ 6 మార్గదర్శకాల ప్రకారం ధ్వని, చిత్రం బాగాలేవన్న ఫిర్యాదు విచారణ జరుగుతుండగానో, అయిన వెంటనేనో చేయాలి, తర్వాత వినరు. కాబట్టి హెల్ప్‌లైన్ నంబరు ఎత్తే మనిషి ఉండాలి. లైన్ తెగిన కారణంగా ఎక్స్‌పార్టీ చేయడం (ఆ పక్షం లేకుండానే కేసు నడపడం), డిఫాల్ట్‌లో కొట్టేయడం ఆ కాలమంతా నిషేధించాలి.

2020 మే 13న సుప్రీంకోర్టు గౌను, కోటు పక్కన పెట్టి తెల్ల చొక్కా లేదా తెల్ల సల్వార్ కమీజ్ లేదా తెల్ల చీర, మెడకు తెల్ల బ్యాండు చాలని చెప్పింది. అది వెంటనే అన్ని కోర్టులకూ వర్తించేలా నియమంలోనే ఉంటే మంచిది.

సాక్ష్యం విషయంలో మా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాం. వివాదం అంతా ఎవరి నోటి మాట మీద ఆధారపడి ఉందో ఆ సాక్షిని ఇంటి నుంచి వీడియోలో క్రాస్ ఎగ్జామినేషన్ చేయించకండి. పక్క గదిలో ఎవరున్నారో, ఫోన్‌లో ఏ సందేశం వస్తోందో తెలియదు. సంతకం చూపి ఇది నీదేనా అని అడగాలంటే అసలు కాగితం సాక్షి చేతిలో ఉండాలి. డాక్టర్, బ్యాంకు అధికారి, సబ్ రిజిస్ట్రార్ లాంటి లాంఛన సాక్షులను వీడియోలో విచారిస్తే నష్టం లేదు, ఆ రోజుల్లో వెనకబడిపోయిన కేసులకు ఎంతో మేలు కూడా. 2020 మార్గదర్శకాలు ఇరుపక్షాల సమ్మతి లేకుండా వీడియోలో సాక్ష్యం వద్దన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సురక్షా సంహిత సెక్షన్ 530 విచారణలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిపే వీలు ఇచ్చింది. కాబట్టి ఆ సమ్మతి నియమాన్ని ఇప్పుడు రూల్స్‌లోనే నిలబెట్టాలి. తప్పనిసరైతే సాక్షి దగ్గరలోని కోర్టుకో, లీగల్ సర్వీసెస్ కార్యాలయానికో వెళ్లాలి, కోర్టు ఉద్యోగి పక్కన ఉండాలి, గది మొత్తం కనిపించే రెండో కెమెరా ఉండాలి, దస్తావేజులు సీలు వేసిన కవరులో ముందే అక్కడికి చేరాలి.

నోటీసుల అందజేతకు 2020 జులై 10 ఉత్తర్వు ఈమెయిల్, ఫ్యాక్స్, వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్‌లకు వీలు ఇచ్చింది. సందేశం పంపిన రోజే ఈమెయిల్ కూడా పంపాలంది. పల్లెల్లో చాలామందికి ఈమెయిల్ ఉండదు, ఫోన్ ఇంట్లో నలుగురిదీ. అందినట్టు కనిపించే గుర్తు ఒక్కటే చూసి ఎక్స్‌పార్టీ చేయకుండా, కోర్టు ఉద్యోగి ఫోన్ చేసి మాట్లాడి రికార్డులో రాసే పద్ధతి పెట్టండి.

జైలులో ఉన్నవారి కేసుల్లో న్యాయవాదికి ముందుగా కావలసింది ఏకాంతంగా మాట్లాడే పదిహేను నిమిషాలు. రిమాండ్ పొడిగింపు వీడియోలో జరగవచ్చు. పోలీసు కస్టడీకి మాత్రం మెజిస్ట్రేట్ ముందు స్వయంగా హాజరుపరచాల్సిందేనని చట్టం చెబుతోంది, లాక్‌డౌన్ పేరుతో దాన్ని సడలించకూడదు. బెయిల్ వచ్చాక కూడా బయటకు రానివ్వనివి జామీనులు. ఇద్దరు జామీనుదార్లు ఆస్తి కాగితాలతో, ధ్రువీకరణ పత్రాలతో రావాలంటే రెవెన్యూ ఆఫీసు తెరిచి ఉండాలి, బస్సు నడవాలి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన సూచనల్లో దీనికి దారి ఉంది: బయటికి వచ్చాక జామీను ఇస్తానంటే తాత్కాలిక బెయిల్ పరిశీలించవచ్చు, స్థానిక జామీనుదారే కావాలన్న షరతు పెట్టకుండా ఉండవచ్చు. లాక్‌డౌన్ కాలానికి దీన్ని మామూలు పద్ధతిగా చేయండి. సొంత పూచీకత్తు మీద విడుదల చేసి, కోర్టులు తెరిచిన నెలలోగా జామీనులు పెట్టమనండి.

ఇవన్నీ చేయడానికి న్యాయవాది ఆఫీసు దాకా వెళ్లగలగాలి కదా. 2020 ఏప్రిల్ 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, మోటారు మెకానిక్‌లు, వడ్రంగులు తమ పని చేసుకోవచ్చని ఉంది. న్యాయవాది పేరు లేదు. బార్ కౌన్సిల్ గుర్తింపు కార్డునే పాస్‌గా గుర్తించాలని, నమోదైన గుమాస్తాకూ అది వర్తించాలని హోం శాఖతో ఇప్పుడే రాతపూర్వకంగా ఒప్పించండి. ఈలోగా బార్ అసోసియేషన్లు సభ్యులకు ఒక మాట చెప్పాలి: మూసివేత కబురు రాగానే మొదటి రోజే ఆఫీసులోంచి ఏ కట్టలు ఇంటికి తెచ్చుకోవాలో. కస్టడీలో మనిషి ఉన్నవి, స్టే నడుస్తున్నవి, మూడు నెలల్లో గడువు ముగిసేవి ముందు. ఆ తర్వాత డైరీ, కక్షిదారుల ఫోన్ నంబర్ల పుస్తకం. మిగతావి ఆగగలవు.

బార్ కౌన్సిళ్లకు ప్రత్యేకంగా.

మన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు న్యాయవాదిని ప్రకటన ఇచ్చుకోనివ్వవు (నియమం 36), వ్యాపారం చేయనివ్వవు (47), పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయనివ్వవు (49). వృత్తి గౌరవం కోసం అవి ఉండాల్సిందే. కానీ కింది కోర్టుల్లో ఫీజు వాయిదాల మీద వస్తుంది: దావా వేసినప్పుడు కొంత, సాక్ష్యం మొదలైనప్పుడు కొంత, వాదనలప్పుడు మిగిలింది. కోర్టు ఆగితే మొత్తం ఆగిపోతుంది. జూనియర్‌కు సీనియర్ ఇచ్చేదీ అందులోంచే. వేరే దారులన్నీ మూసిన సంస్థకే ఆ రోజుల్లో ఆదుకునే బాధ్యత కూడా ఉంటుంది. అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 6(2) అందుకు నిధి పెట్టే అధికారం ఇస్తోంది. 2020 జూన్‌లో గుజరాత్ బార్ కౌన్సిల్ తాత్కాలికంగా వేరే పని చేసుకునే వెసులుబాటు కోరుతూ తీర్మానం చేసింది. మన కౌన్సిళ్లు కూడా అలాంటి వెసులుబాటు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, ఏ పనులు ఒప్పుకుంటారో ముందే తేల్చాలి.

సాయం ఆలస్యం కావడానికి కారణం చాలాసార్లు డబ్బు లేకపోవడం కాదు, జాబితా సరిగా లేకపోవడం. సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ (వృత్తిలో ఉన్నట్టు ధ్రువపత్రం) పరిశీలన పెండింగ్‌లో ఉంటుంది, ఎన్‌రోల్‌మెంట్‌లో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో రకంగా పేరు, అసోసియేషన్ మారినవారు రెండు చోట్లా ఉండరు. ఏటా జనవరిలో ప్రతి సభ్యుడి ఖాతా వివరాలు సరిచూడండి. దరఖాస్తు ఒక పేజీకి మించకూడదు, అసోసియేషన్ అధ్యక్షుడి సిఫారసు అవసరం ఉండకూడదు, పదిహేను రోజుల్లో సొమ్ము నేరుగా ఖాతాలో పడాలి. గుమాస్తాలను, కోర్టు ఆవరణలో టైపు మీద బతికేవారిని మరిచిపోకండి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. కోర్టు మూతపడితే ఆ మొత్తంలో ఎంత భాగం నిధి భరిస్తుందో చెప్పండి, అప్పుడు సీనియర్లు కూడా జూనియర్లను పంపేయకుండా ఉంటారు.

ఆడవాళ్లయిన న్యాయవాదులకు లాక్‌డౌన్‌లో ఇల్లే ఆఫీసు, ఇల్లే వంటగది, ఇల్లే బడి. భరణం కేసు కక్షిదారు చెప్పే విషయాలు పిల్లలు వినే గదిలో మాట్లాడలేరు. ప్రతి తాలూకా బార్‌లో తలుపు మూసుకునే రెండు చిన్న గదులు, ఒక్కో దాంట్లో కెమెరా ఉన్న కంప్యూటర్, కేబుల్ ఇంటర్నెట్, హెడ్‌సెట్, గంటసేపు నిలిచే యూపీఎస్ పెట్టించండి. మంచి ఫోన్ లేని మగ జూనియర్లకూ, ఊరి నుంచి వచ్చే కక్షిదార్లకూ అవే ఆధారం. కేంద్రం 2023 సెప్టెంబరులో ఈ-కోర్టుల మూడో దశకు 7,210 కోట్లు ఆమోదించింది. అందులో ఈ గదులకు వాటా అడగండి.

ఈ అధ్యాయం రాశాక ఏడాదికి రెండుసార్లు, ముందు చెప్పిన ఒక పనిదినాన, ప్రతి జిల్లాలో ఒక సివిల్ కోర్టును, ఒక మెజిస్ట్రేట్ కోర్టును ఎవరూ ఆవరణలోకి రాకుండా పూర్తిగా ఈ నియమాల మీదే నడిపించి చూడండి. వకాల్తా నుంచి సర్టిఫైడ్ కాపీ దాకా ఏ మెట్టు దగ్గర ఎంతసేపు ఆగిందో రాసుకుని, ఆ నివేదికను బార్ అసోసియేషన్లకు పంపండి. మా వైపు నుంచి గుమాస్తాలతో సహా మనుషులను ఇస్తాం.

భవదీయులు,
జిల్లా, తాలూకా కోర్టుల న్యాయవాదులు